‘గా’ కనిపించిన ప్రతిచోటా ‘లీ’ రాదు

నమస్కారం. ఇంగ్లీషులో నామవాచకం గుణం చెప్పేది విశేషణం, పని జరిగిన తీరు చెప్పేది క్రియా విశేషణం. బడిలో అందరం నేర్చుకున్నదే. ‘క్విక్’కు ‘లీ’ చేరిస్తే ‘క్విక్లీ’, మన ‘వేగం’ పక్కన ‘గా’ చేరి ‘వేగంగా’ అయినట్టు. తెలుగువాళ్లం తడబడేది సరిగ్గా ఈ పోలిక దగ్గరే. అందుకే ఈరోజు ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను, చూడండి. ‘అతను కోపంగా కనిపించాడు.’ ‘అతను తలుపు వైపు కోపంగా చూశాడు.’ రెండింటిలోనూ ‘కోపంగా’ ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ‘లుక్డ్’ అనే క్రియే సరిపోతుంది. మారేది దాని తర్వాతి మాట. మొదటిది ‘హి లుక్డ్ యాంగ్రీ’. రెండోది ‘హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద డోర్’.

మొదటి వాక్యంలో అతను చేస్తున్న పనేమీ లేదు. కోపం అతని స్థితి, కాబట్టి విశేషణం. రెండో వాక్యంలో చూడటం అనే పని జరిగింది, ఆ చూపులో కోపం ఉంది. అనుమానం వస్తే ‘లుక్డ్’ తీసేసి అక్కడ ‘వాజ్’ పెట్టి చదవండి. ‘హి వాజ్ యాంగ్రీ’, వాక్యం నిలబడింది. ‘హి వాజ్ యాంగ్రిలీ’, నిలబడలేదు. నిలబడిన చోట ‘లీ’ అక్కర్లేదు. పులుసు రుచిగా ఉంటే ‘టేస్ట్స్ గుడ్’ అనడం ఇందుకే. ‘స్మెల్’, ‘ఫీల్’, ‘సౌండ్’, ‘సీమ్’ కూడా ఈ కుటుంబానివే. మన భాషలో ‘ఉంది’ పక్కన కూడా ‘గా’ వస్తుంది, ‘అందంగా ఉంది’ అంటాం. ఇంగ్లీషులో అక్కడ ‘బ్యూటిఫుల్’ చాలు. అందంగా పాడితేనే ‘బ్యూటిఫులీ’.

ఇంకో చిక్కు. ‘ఫ్రెండ్లీ’ చివర ‘లీ’ ఉన్నా అది విశేషణం. పాత ఇంగ్లీషులో శరీరం, రూపం అనే అర్థంలో ‘లీచ్’ అనే మాట ఉండేది. దాని నుంచి విశేషణానికి ఒక ప్రత్యయం, దానికే చివర అచ్చు చేరి క్రియా విశేషణానికి ఇంకొకటి పుట్టాయి. కాలక్రమంలో చివర్లు అరిగి రెండూ ‘లీ’గా మిగిలాయి. నాకు వ్యాకరణం మీద ఇష్టం పెరిగింది ఇలాంటి చోట్లే. మినహాయింపు అని బట్టీ పట్టిన మాట వెనక ఒక చరిత్ర కనిపిస్తుంది.

‘హార్డ్’, ‘ఫాస్ట్’ సంగతీ అంతే. ఒకప్పుడు వీటి క్రియా విశేషణ రూపం చివర అచ్చు ఉండేది. అది రాలిపోయాక రెండు రూపాలూ ఒకటయ్యాయి. ‘ఫాస్ట్లీ’ అనే మాటే లేదు. ‘హార్డ్లీ’ ఉంది కానీ జాగ్రత్త! ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాను. ‘ఐ హార్డ్లీ వర్క్’ అంటే దాదాపు పనే చేయను. ఉద్యోగ దరఖాస్తులో ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు వీడియో ఆపి, ‘బస్సు ఆలస్యంగా వచ్చింది’ అని ఇంగ్లీషులో రాయండి.

రాశారా? ‘ద బస్ కేమ్ లేట్.’ చివర ‘లేట్లీ’ అని రాసి ఉంటే కొట్టేయండి. ఆ మాటకు అర్థం ‘ఈ మధ్య’.