‘అక్క’ని ‘అక’ చేస్తున్నది మీ ఫోనే: పిల్లల తెలుగు క్లాసుకి ఆడియో రికార్డింగ్

నమస్కారమండీ. బెంగళూరులో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో ఆదివారం తెలుగు క్లాసులు చెప్పేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: ఏ మైకు కొనాలి? ముందు చూడాల్సింది అది కాదు. మన భాషలో అర్థం నిడివిని బట్టి మారిపోతుంది. మెడ వేరు, మేడ వేరు. గుడి వేరు, గుడ్డి వేరు. ఆ నిడివిని పాడుచేసేది చవక మైకు కాదు, ఫోనులో మనం ఆన్ చేసిపెట్టుకున్న సోకులు.

ఇదిగో, ‘అక్క’ అని రికార్డు చేసి, ఆడాసిటీలో (కంప్యూటర్లో ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి బాగా జూమ్ చేశాను. ముందు ‘అ’ అలలు. తర్వాత గీత చదునుగా పోయింది. ఆపైన చిన్న పేలుడు, మళ్ళీ అలలు. ఆ చదునే ద్విత్వం! నిదానంగా పలికితే సెకనులో పావు వంతు దాకా ఉంటుంది. ఖాళీలు కత్తిరించే టూలుకి అది ఉత్త నిశ్శబ్దంగానే కనిపిస్తుంది. కత్తెర పడిందంటే ‘అక్క’ కాస్తా ‘అక’. అందుకే ఆ టూలు వాడితే అర సెకను కన్నా పొడుగున్న ఖాళీలే తీసేలా పెట్టండి. అసలు వాడకపోతే ఇంకా మంచిది.

రెండోది నాయిస్ సప్రెషన్, అంటే చుట్టుపక్కల చప్పుడుని తగ్గించే సెట్టింగు. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాల్లో వచ్చే ఊపిరిని అది గాలి చప్పుడనుకుని నొక్కేస్తుంది. కరము అంటే చెయ్యి, ఖరము అంటే గాడిద. తేడా అంతా ఆ ఊపిరిలోనే ఉంది మరి. దాన్ని ఆఫ్ చేసి, చప్పుడునే తగ్గించుకోండి: ఫ్యాను ఆపండి, బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి, వెనక ఒక బొంత వేలాడదీయండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంటే తెల్లవారుజామునే పని కానివ్వండి, కుక్కర్ విజిళ్ళు కూడా మొదలవ్వవు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు మాత్రం వద్దు. కాల్ మోడ్‌లోకి వెళ్తే చాలావాటిలో శాంప్లింగ్ (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. అందులో సగం దాకా ఉన్న ధ్వనే మిగులుతుంది, 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. ‘స’ బలమంతా ఆ పైనే కదా, ఇక స, శ తేడా పిల్లలకి ఎలా వినిపిస్తుంది?

సెట్టింగులు సులువే. వేవ్ ఫైలు, మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ అన్నప్పుడల్లా గాలి కొట్టి ‘ధబ్’ మంటుంది. రికార్డింగ్ మీటరులో లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. సున్నాకి తగిలి అల తలలు తెగితే మళ్ళీ రికార్డు చేసుకోవడమే.

మాటల్ని జాబితాలా గడగడా చదివితే ప్రతి మాట చివరా రాగం లేస్తుంది, ఆఖరి మాటకి దిగిపోతుంది. పిల్లలు ఆ రాగాన్నే పట్టేస్తారు, మాటని కాదు. ఒక్కో మాటని 3 సార్లు చెప్పి, మధ్యది ఉంచుకోండి.

నెమ్మదిగా వినిపించడానికి స్పీడు తగ్గించకండి. ‘మెడ’ సాగి ‘మేడ’ వైపు జరుగుతుంది. నిదానంగా ఇంకోసారి పలికి, వేరే ఫైలుగా దాచండి. వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇక పిల్లల వంతు. మాటకీ మాటకీ మధ్య 3 సెకన్లు వదలండి, వాళ్ళు తిరిగి పలకడానికి. ఆ పలికింది రికార్డు చేసి, ఆడాసిటీలో మీ ట్రాక్ కిందే పెట్టండి. మీ ‘అక్క’లో చదును వేలెడంత, పిల్లవాడి దాంట్లో గోరంత. స్క్రీన్ మీద వాడికే చూపించి, మళ్ళీ పలకమనండి.