కూరిన పండ్లు: జామ, అరటి, అనాసలో ఏది బాగుంది?

నమస్కారమండీ, ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. నియమగిరి కొండల మీద డొంగ్రియా కొంధు గిరిజనులు పండించే అనాసలు, అరటిపండ్లు మన సంతలకే వస్తాయి. అలాంటి చోట ఉంటూ, బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చదు. అందుకే ఈరోజు మూడు కూరిన పండ్లు మీ ముందే రుచి చూస్తాను.

మొదట జామ. దోరగా ఉన్నదే తీసుకోండి, బాగా మగ్గితే కూరేటప్పుడే చితికిపోతుంది. పైభాగం మూతలా కోసి, చెంచాతో గుజ్జు తీసి, జల్లెడలో రుద్దితే గింజలు పోతాయి. ఆ గుజ్జులో వేయించిన నువ్వులు, వేరుశనగ పొడి, బెల్లం తురుము, చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ పండులోకే కూరాలి. కొరికి చూస్తున్నాను... ఆహా! పండు కరకరలాడుతోంది, లోపల నువ్వుల కమ్మదనం. వంద గ్రాముల జామలో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు, నారింజలో ఉన్నదానికి దాదాపు నాలుగింతలు. నువ్వుల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టడానికి అది తోడ్పడుతుంది. నువ్వులకు జామనే ఎంచుకున్నది అందుకే. పదికి తొమ్మిది మార్కులు.

అరటిపండుకు తొక్క ఒకవైపు చీల్చి, పండుకు గాటు పెట్టి పచ్చికొబ్బరి, వేరుశనగ పొడి నింపితే చాలు. తొక్కే గిన్నె, బెల్లం అక్కర్లేదు. రుచి బాగుంది కానీ అంతా మెత్తనే. ఏడు ఇస్తాను. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు మాత్రం నా ఓటు దీనికే.

ఇక అనాస. ఒడిశాలో ఉంటూ ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి నీళ్లు వడకట్టిన ముద్ద, వాడకపోతే ఎలా? అనాసను నిలువుగా రెండుగా కోసి, కండ తీసి ముక్కలు చేసి, ఛెనా, కాస్త మిరియాల పొడి కలిపి డొప్పలో నింపాను. ఇప్పుడే కలిపినది చాలా బాగుంది, పులుపుకు ఛెనా చక్కగా జత కుదిరింది. ఈ రెండో గిన్నెలోది పొద్దున కలిపినది. రుచి చూస్తే... చేదు! వండని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది ఛెనాలోని పాల మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది, ఆ ముక్కల వల్లే ఈ చేదు. కలిపిన వెంటనే తింటే ఎనిమిది మార్కులు, టిఫిన్ డబ్బాకైతే సున్నా. డబ్బాలో పెట్టాలంటే ఛెనా బదులు కొబ్బరి తురుము వేయండి.

జామను బడికి పంపేటప్పుడు కోసిన మూత తిరిగి పెట్టి దారంతో కట్టండి, కూరినది బయటికి రాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వేరుశనగలు మెత్తగా పొడి కొట్టాకే వాడండి, గింజలు గింజలుగా ఉంటే గొంతుకు అడ్డం పడతాయి.