ప్రశ్న అడిగాక మూడు సెకన్లు

అందరికీ నమస్కారం. పిల్లలే కేంద్రంగా బోధన సాగాలని ఈ టీచర్ల శిక్షణలో పొద్దటి నుంచి రెండు గంటలు మనకు చెప్పారు. ఆ రెండు గంటల్లో మనలో ఒక్కరినీ నోరు తెరవనివ్వలేదు! అందుకే నేను స్లైడ్లు తేలేదు.

మిషన్ భగీరథ నల్లాలు ఇంకా రాని రోజులు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ని. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎట్లా పోతుందని అడిగాను. వెనక బెంచీ పిల్ల లేచి, "కాచి సల్లార్చి తాగితే పోతది సార్" అన్నది. తప్పు, కూర్చో అనబోయి, ఎందుకో ఆగాను. "ఉప్పు నీళ్లు కాస్తే ఉప్పు పోతదా?" అన్నాను. క్లాసు రెండు వర్గాలైంది. మధ్యాహ్న భోజనం వండే అక్కను బతిమాలి పొయ్యి మీద గిన్నె పెట్టించాం. రెండు గ్లాసుల నీళ్లు, చెంచాడు ఉప్పు. సగానికి మరిగాక చల్లార్చి, తలా ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు. అందరూ మొహాలు చిట్లించారు.

ఆ పిల్లే మళ్లీ లేచింది. "అయితే మా అవ్వకు కాచిచ్చిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైనట్టే గద సార్?"

వాళ్లవ్వ ఆ ఫ్లోరైడ్ నీళ్లకే నడుము వంగిపోయిన మనిషి. నాకు నోట మాట రాలేదు.

మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగిన చోట జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పే పిల్లలూ పెరిగారు. నమ్మక నేనూ ఫోను జేబులో పెట్టుకుని నా పాఠం రికార్డు చేసుకున్నాను. విని సిగ్గుపడ్డాను. అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే.

సిలబస్ ఎప్పుడవుతుంది సార్ అంటారు. నిజమే, అన్ని పాఠాలకూ పొయ్యి వెలిగించలేం. పదో తరగతికి జనవరి దాటితే నేనూ స్లిప్ టెస్టులే పెడతాను. కానీ గైడు చూసి రాసిన ప్రాజెక్టులు ఇరవై దిద్దితే, ఇరవైలోనూ ఒకటే అక్షర దోషం! దానికన్నా ఉప్పు గిన్నె నయం.

మర్నాడు ఆ పిల్ల మరో ప్రశ్న మోసుకొచ్చింది: "మరి ఏ నీళ్లు తాగాల్నో మీ సారునడుగు అన్నది అవ్వ." పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారని, దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారని చెప్పాను. ఫ్లోరైడ్ కంటికి కనబడదు కదా. పటిక పనితనం చూడ్డానికి చెరువు నీళ్లు బకెట్‌తో తెచ్చుకున్నాం. మడ్డి అడుగుకు దిగేసరికి లెక్కల సారు పీరియడ్ కూడా అయిపోయింది. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.