నీళ్లు లాగాక మొదలయ్యే డ్యూటీ

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, టీచర్లకు, నర్సింగ్ చదువుతున్న మీ అందరికీ నమస్కారం.

వరదల్లో చేసిన సేవ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వరద సేవ అనగానే అందరికీ పడవలు గుర్తొస్తాయి. నడుము లోతు నీళ్లు, తల మీద మందుల పెట్టె, ఫొటోలు. నేను చెప్పాలనుకున్నది ఆ పడవలు వెళ్లిపోయిన తర్వాతి సంగతి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మీలో ఈ విజయవాడ పిల్లలకు ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మైలవరం కొండల వైపు కురిసిన వానంతా బుడమేరు వాగులోకి దిగింది, గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ నీళ్లలో మునిగాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది, ఆ పని 7వ తేదీకి గానీ పూర్తి కాలేదు.

మొదటి మూడు రోజులూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర నిలబడ్డాం. నైట్ డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చేవాళ్లం. సాయానికి వచ్చిన జనాన్ని చూస్తే మనసు నిండిపోయింది. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు. మందులు పంచడానికి వచ్చిన వాళ్లకూ లోటు లేదు. ఒక్కోసారి పేషెంట్ల కన్నా మేమే ఎక్కువ ఉన్నట్టు ఉండేది.

పదో రోజుకి మా జట్టులో నలుగురం మిగిలాం. రాని వాళ్లను తప్పు పట్టను. సెలవులు అయిపోయాయి, ఇళ్లల్లో పిల్లలున్నారు. కానీ అసలు జబ్బులు మొదలైంది అప్పుడే.

ఎందుకో మీరు పుస్తకంలో చదివే ఉంటారు. ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు, బురద వల్ల వస్తుంది. ఆ క్రిమి ఒంట్లోకి వెళ్లాక జ్వరం బయటపడటానికి మామూలుగా వారం, రెండు వారాలు పడుతుంది. దోమ గుడ్డు దోమ కావడానికీ వారం పైనే కావాలి. 2018లో కేరళ వరదల తర్వాత ఎలుక జ్వరం ఎంతమందిని తీసుకుపోయిందో చూశాం. అందుకే రెండో వారంలో మేము ఇంటింటికీ తిరిగాం. అప్పటికి ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడుగుతున్నారు. పరుపులు, బీరువాలు, పిల్లల పుస్తకాలు వీధిలో గుట్టలుగా పడున్నాయి. ఆ బురదలో ఇళ్లవాళ్లు చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు, ఎందుకంటే చెప్పులు కొట్టుకుపోయాయి. నీళ్లలో నానీ నానీ వేళ్ల సందులు ఒరిసిపోయాయి, మడమలు పగిలాయి. క్రిమి లోపలికి వెళ్లడానికి ఆ పగులు చాలు.

జ్వరం అన్నవాళ్లని మేము మొదట అడిగే మాట, "పిక్కలు నొప్పిగా ఉన్నాయా?" పిక్క మీద చెయ్యి వేస్తేనే విలవిల్లాడితే, కళ్లు ఎర్రగా ఉంటే, మూత్రం తగ్గిందంటే ఇక అక్కడ ఆగేది లేదు, ఆస్పత్రికి పంపడమే. పారాసిటమాల్ ఇచ్చి "రేపు చూద్దాం" అనకూడదు. ముందు జాగ్రత్తగా డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చిన చోట, గర్భిణులకీ చిన్నపిల్లలకీ అది చేరకుండా చూసుకోవడం మన పని. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోమని, వెంటనే పడుకోవద్దని చెప్పడం కూడా మన పనే. మందుల డబ్బా మన చేతిలో ఉందని మనం డాక్టర్లం అయిపోము. ఈ మాట కొంచెం గట్టిగానే చెప్తున్నాను.

ఒక మామ్మగారి గురించి చెప్తాను. రెండో అంతస్తులో ఒక్కరే ఉంటున్నారు. పైకి వెళ్లేసరికి కింద ఇంటివాళ్లు ఏమయ్యారని మమ్మల్నే అడిగారు. తనకేం బాగాలేదని ఒక్క మాట అనలేదు. బీపీ చూస్తే 200 దాటి ఉంది. "బిళ్ల వేసుకుంటున్నారా మామ్మగారూ?" అంటే ఒక స్టీలు డబ్బా తెచ్చి చూపించారు. కింద వంటింట్లో ఉండిపోయిన డబ్బా అది, నీళ్లు తగ్గాక ఎవరో తెచ్చిచ్చారట. అందులో బిళ్లలన్నీ కరిగి ముద్దైపోయాయి. రేకు మీద పేరు చెరిగిపోయి చివర '5' అన్న అంకె ఒక్కటే మిగిలింది. "తెల్లది, చిన్నది, పొద్దున్నే ఒకటి" అన్నారు. తెల్లగా చిన్నగా ఉండే బిళ్లలు వందున్నాయి. హైదరాబాద్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేస్తే, ఎప్పుడో తీసిన చీటీ ఫొటో వాట్సాప్‌లో వెతికి పంపింది. దాన్ని డాక్టరుకి చూపించి అదే బిళ్ల తెచ్చిచ్చాం. తొమ్మిది రోజులు ఆగిపోయిన బిళ్ల అది. ఆవిడకు కావాల్సిన వైద్యం అదే.

మా చేతిలో ఆవేళ బాగా పనికొచ్చింది రెండు వందల పేజీల నోట్‌బుక్. రోజూ ఏం మందు వాడతారు, ఎప్పటి నుంచి ఆగింది, ఇన్సులిన్ వాడతారా, డయాలిసిస్ ఉందా, కడుపుతో ఉంటే ఎన్నో నెల. ఇంటి నంబరుతో సహా రాసుకునేవాళ్లం. మర్నాడు వచ్చే సిస్టర్ ఆ పేజీ చూసుకుని వెళ్తే మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు. కరెంటు లేని ఇళ్లలో ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లు. పెద్ద కుండలో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక, పైన తడిగుడ్డ. మన పాత పద్ధతే. సీసాను ఒక కవర్లో చుట్టి లోపల పెట్టమనేవాళ్లం.

ఇప్పుడు నేను చేసిన తప్పు. విరేచనాలవుతున్న మూడేళ్ల బాబుకి ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఇచ్చి "నీళ్లలో కలిపి తాగించమ్మా" అని వచ్చేశాను. సాయంత్రం వెళ్తే వాడు ఇంకా నీరసంగా, దాహంతో ఏడుస్తున్నాడు. వాళ్లమ్మ మొత్తం ప్యాకెట్ ఒక్క గ్లాసులో కలిపింది. లీటరు నీళ్లకు కలపాల్సింది గ్లాసులో కలిపితే ఆ ఉప్పు పిల్లవాడికి ప్రమాదం. తప్పు ఆ అమ్మది కాదు. ఎన్ని నీళ్లో నేను చెప్పలేదు. బాబుని ఆస్పత్రిలో చేర్చాం, కోలుకున్నాడు. నాకు మాత్రం వారం నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి పంచిన లీటరు నీళ్ల సీసా తీసుకుని, వాళ్ల ముందే సీల్ తీసి, వాళ్ల చేతనే కలిపిస్తాను. క్లోరిన్ బిళ్ల కూడా అంతే. అది బిందెలో వేసేది, నోట్లో వేసుకునేది కాదని చెప్పి, ఒక బిందెలో వేసి చూపించాలి. బిళ్ల అంటే మింగేదే అనుకునే పెద్దవాళ్లు ఎంతోమంది.

ఇంకో సంగతి, అబ్బాయిలు కూడా వినండి. డాబాల మీద రోజుల తరబడి ఉన్న ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేశారు. సీసాలు పక్కనే ఉన్నాయి, తాగలేదు. తాగితే వెళ్లడానికి చోటు లేదు. చుట్టూ మగవాళ్లు, పైన డ్రోన్లు. నెలసరి వచ్చినవాళ్లు ఒకే గుడ్డతో రెండు రోజులున్నారు. మేము వెళ్లేసరికి మూత్రంలో మంట, చలి జ్వరం. ఇవేవీ ఆహారం పంచడానికి వచ్చిన కుర్రాళ్లకు చెప్పలేదు, ఎలా చెప్తారు? ఒక అమ్మాయి అయితే నేను బీపీ చూస్తున్నంతసేపూ ఊరుకుని, మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి కొంగు పట్టుకుంది. "సిస్టర్, ఒక్క నిమిషం" అంది. ఆ ఒక్క నిమిషం కోసమే నర్సు ఇంటి దాకా వెళ్లాలి. క్యాంపులో బల్ల వేసుకుని కూర్చుంటే ఆ అమ్మాయి వచ్చేది కాదు. వరద రోజుల్లో నాప్‌కిన్లతో పాటు రెండు పాత చీరలు, ఒక తాడు తీసుకెళ్లండి. డాబా మూల కట్టుకుంటే చాటు అవుతుంది.

వెళ్లే ముందు మీ ఒళ్లు చూసుకోండి. టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్) వేయించుకున్నారా, గమ్ బూట్లు ఉన్నాయా, కాలికి పుండు ఏమైనా ఉందా. మాతో వచ్చిన ఒక సిస్టర్ మూడో రోజుకే కాలు వాచి మంచం ఎక్కింది, ఆవిడను చూసుకోవడానికి మళ్లీ ఇద్దరం డ్యూటీ వేసుకోవాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాను. మళ్లీ అవసరం వస్తే రాగలిగినవాళ్లు పేరు, ఫోన్ నంబరు రాయండి. తేదీల గళ్లు ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా గీశాను. మీరు ఏ రోజులు కచ్చితంగా రాగలరో ఆ గళ్లలోనే టిక్ పెట్టండి. ఒక్క రోజైనా సరే.