గేమ్ మోడ్లు దింపుకుంటే వైరస్ వస్తుందా? మా మేనల్లుడికి రెండు రోజుల తర్వాత చెప్పిన జవాబు

నమస్కారం. ఈ వీడియోకు కారణం మా మేనల్లుడు. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడే మా ఇంటికి వచ్చి, నేరుగా నా కంప్యూటరు ముందు కూర్చుని, "మామయ్యా, మైన్‌క్రాఫ్ట్‌లో ఒక మోడ్‌ప్యాక్ వేసుకుంటాను, వైరస్ గిరస్ ఏమీ రాదు, మా ఫ్రెండ్సందరూ వేసుకున్నారు" అన్నాడు. మోడ్ అంటే ఆటను మార్చడానికో, దానికి కొత్తవి చేర్చడానికో పెట్టుకునే ఫైలు; అలాంటివి కొన్ని కలిపి కట్టిన మూటే మోడ్‌ప్యాక్. ఆ కంప్యూటరులోనే నా బ్యాంకు లాగిన్, ఈ ఛానెల్ లాగిన్, ఇంటి పన్ను రసీదుల నుంచి పెళ్లి ఫోటోల దాకా అన్నీ ఉన్నాయి. సరేనని గాని, వద్దని గాని వెంటనే చెప్పలేక, రెండు రోజులు ఆగమని చెప్పి, మోడ్ల ద్వారా మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, వచ్చిన సంఘటనలు ఎలా జరిగాయో ఒక్కొక్కటిగా చదివాను. చదివాక నాకు కలిగిన అభిప్రాయమే ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. మన దగ్గర మోడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది, డబ్బు కట్టకుండా ఆడుకోవడానికి ఫోనులో వేసుకునే మోడ్ ఏపీకే. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అసలు యాప్‌ను విప్పి, మార్చి, తన సంతకంతో మళ్లీ మూటకట్టి ఇచ్చిన సరుకు అది. దాని గురించి నేను చెప్పేది ఒక్కటే, వద్దు. ఈ వీడియోలో మాట్లాడుతున్నది కంప్యూటరు ఆటలకు అభిమానులు సొంతంగా తయారుచేసి, ఉచితంగా పంచే మోడ్ల గురించి. స్కైరిమ్ వంటి ఆట 2011లో వచ్చినా నేటికీ జనం ఆడుతున్నారంటే అందులో మోడర్ల, అంటే మోడ్లు తయారుచేసేవాళ్ల, చెమట చాలా ఉంది. కాబట్టి మోడర్లంతా దొంగలన్న అర్థం నా మాటల్లో వెతకవద్దు.

ఒక మోడ్ క్షేమమా కాదా అని అడిగే ముందు, అది ఏ రకం ఫైలో చూడాలి. గోడ మీద కొత్త రంగు వేయడం ఒకటి, ఇంట్లోకి కొత్త మనిషిని రానివ్వడం మరొకటి. స్కైరిమ్‌లో కవచం రంగు మార్చే టెక్స్‌చర్ ఫైలు మొదటి రకం. అది బొమ్మ మాత్రమే, దానంతట అది ఏ పనీ చేయదు. అదే స్కైరిమ్‌లో స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే అదనపు సాధనం సాయంతో నడిచే డీఎల్ఎల్ ఫైలు రెండో రకం. అది పూర్తిస్థాయి ప్రోగ్రామ్. సిమ్స్ 4 ఆడేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. ప్యాకేజ్ అన్న పేరుతో ముగిసే ఫైళ్లలో బట్టలు, కుర్చీలు, జుట్టు ముడులు ఉంటాయి. టీఎస్4స్క్రిప్ట్ అని ముగిసేవాటిలో పైథాన్ కోడ్ ఉంటుంది, అందుకే స్క్రిప్ట్ మోడ్లను నడపాలంటే ఆట సెట్టింగుల్లో మనమే ప్రత్యేకంగా అనుమతించాలి. 2024లో సిమ్స్ 4 మోడ్లలో మాల్‌వేర్ బయటపడినప్పుడు అది దాక్కున్నది స్క్రిప్ట్ ఫైళ్లలోనే.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ విషయానికి వస్తే, అక్కడ మోడ్ అంటేనే జార్ ఫైలు, అంటే జావా ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రాముకు ఆట లోపల ప్రత్యేకమైన కంచె ఏదీ లేదు. మీ విండోస్ ఖాతాతో మీరు ఏయే ఫైళ్లు తెరవగలరో, ఆ మోడ్ కూడా అవన్నీ తెరవగలదు. నెట్‌కు వెళ్లగలదు, కొత్త ఫైళ్లు దింపగలదు, కంప్యూటరు ఆన్ అయిన ప్రతిసారీ తానే మొదలయ్యేలా రాసుకోగలదు. అది ఆ మోడ్ల లోపం అనలేం, వాటి శక్తి కూడా అదే. కొత్త లోకాలనూ కొత్త యంత్రాలనూ సృష్టించగలుగుతున్నది ఆ స్వేచ్ఛ వల్లే.

ఆ స్వేచ్ఛను దొంగ వాడుకుంటే ఏమవుతుందో 2023 జూన్ మొదటి వారంలో అందరికీ తెలిసింది. ఆ మాల్‌వేరుకు ఫ్రాక్చరైజర్ అని పేరు పెట్టారు. అది దొరికింది ఏ చీకటి సైటులోనో కాదు. మైన్‌క్రాఫ్ట్ మోడ్లకు పెద్ద బజారు వంటి కర్స్‌ఫోర్జ్‌లోనూ, మైన్‌క్రాఫ్ట్ సర్వర్లకు తగిలించే ప్లగిన్లు ఉండే బుకిట్ సైటులోనూ. బెటర్ మైన్‌క్రాఫ్ట్ అనే పేరుమోసిన మోడ్‌ప్యాక్‌కు కూడా పాడైన అప్‌డేటు ఎక్కింది. ఆ ప్యాక్ తయారుచేసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లలో ఒకరు ఎవరో కొత్తగా పెట్టిన మోడ్‌ను పరీక్షిద్దామని తన కంప్యూటరులో నడిపారు. అందులోని మాల్‌వేర్ వారి లాగిన్‌ను దొంగిలించింది. ఆ లాగిన్‌తో దొంగలు వారి పేరు మీదే కొత్త ఫైలు ఎక్కించారు. ఎక్కించిన వెంటనే ఆ ఫైలును ఆర్కైవ్‌లోకి నెట్టడంతో సైటు పేజీలో అది ఎవరి కంటా పడలేదు, మోడ్‌ప్యాక్‌లను దింపి ఆటను తెరిచే లాంచర్ ప్రోగ్రాములకు మాత్రం కనిపించింది.

దాని పనితనం అంచెలంచెలుగా ఉంటుంది. మోడ్‌లో పెట్టింది చాలా చిన్న ముక్క. దాని పని ఒక సర్వరును పలకరించి తర్వాతి ఫైలు తెప్పించడమే. ఆ తర్వాతిది విండోస్‌తో పాటు మొదలయ్యేలా తన ఏర్పాటు చేసుకుని, అసలు దొంగను దింపుతుంది. అది బ్రౌజరు కుకీలు, డిస్కార్డ్, మైక్రోసాఫ్ట్, మైన్‌క్రాఫ్ట్ ఖాతాల వివరాలు పట్టుకుపోతుంది. మీరు క్రిప్టో పంపడానికి ఒక చిరునామా కాపీ చేస్తే, పేస్ట్ చేసేలోగా దాని స్థానంలో దొంగ చిరునామా పెడుతుంది. అంతటితో ఆగక కంప్యూటరులో ఉన్న మిగతా జార్ ఫైళ్లలోకి కూడా చొరబడుతుంది. ఆ చివరి పని వల్లే మోడర్ల యంత్రాల నుంచి మరిన్ని మోడ్లకు అది అంటుకోగలిగింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అది దాక్కున్న చోటు. లోకల్ యాప్‌డేటా ఫోల్డరులో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనే పేరుతో ఒక ఫోల్డరు కట్టుకుని, లిబ్‌వెబ్‌జీఎల్64 అన్న పేరుగల జార్ ఫైలుగా అందులో కూర్చుంది. చూసిన ఎవరైనా ఎడ్జ్ బ్రౌజరుకు సంబంధించిన గ్రాఫిక్స్ సరంజామా ఏదో అనుకుంటారు. నిజమైన ఎడ్జ్ ఫైళ్లు ఉండేది మైక్రోసాఫ్ట్ అనే ఫోల్డరు లోపల ఉన్న ఎడ్జ్ అనే మరో ఫోల్డరులో. దొంగది రెండు పదాల మధ్య ఖాళీ వదిలి రాసిన ఒకే ఫోల్డరు. ఆ ఒక్క ఖాళీయే తేడా. మోడ్‌ను తీసేసినా, చివరికి ఆటనే తీసేసినా, ఆ ఫోల్డరు అక్కడే ఉండి రోజూ పొద్దున్నే పని మొదలుపెడుతుంది. దీన్ని విప్పి, వాడుకరులకు అర్థమయ్యేలా వివరించినవాళ్లు ప్రధానంగా మోడింగ్ లోకంలోని వలంటీర్లే అన్నది మరచిపోకూడదు.

అదే ఏడాది క్రిస్మస్ రోజున మరొకటి జరిగింది. స్లే ద స్పైర్ అనే ఆటకు డౌన్‌ఫాల్ అని పెద్ద మోడ్ ఉంది. అది కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో విడిగా కూడా దొరుకుతుంది. డిసెంబరు 25న దాని తయారీదారుల్లో ఒకరి ఖాతాలను దొంగలు చేజిక్కించుకుని, స్టీమ్ అప్‌డేటు రూపంలోనే ఎప్సిలన్ స్టీలర్ అనే మాల్‌వేరును పంపారు. అది ఉన్నది సుమారు గంటసేపే. ఆ గంటలో ఆట తెరిచినవాడు చేసిన తప్పేమిటి? కొత్త సైటుకు వెళ్లలేదు, తెలియని లింకు నొక్కలేదు, నెలల తరబడి ఆడుతున్న మోడ్‌ను ఆ రోజూ తెరిచాడు, అంతే. మోడ్ పేరు మంచిదే, తయారీదారు మంచివాడే, సైటూ మంచిదే; పాడైంది ఆ ఒక్క వెర్షను. అందుకే "ఈ మోడ్ సేఫేనా" అన్న ప్రశ్నకు జవాబు దొరకదని నా అభిప్రాయం. "ఈ వెర్షను ఎన్నాళ్ల నుంచి జనం చేతుల్లో నలుగుతోంది" అని అడగండి, దానికి జవాబు ఉంటుంది. నిన్న రాత్రి వచ్చిన అప్‌డేటు కంటే రెండు నెలల కిందటి వెర్షను నాకు నచ్చుతుంది.

ఓటీపీ ఉంది కదా, భయమెందుకని కొందరు అనుకోవచ్చు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర పాసు ఇస్తారు, తిరిగి వచ్చేటప్పుడు అది చూపిస్తే టిక్కెట్టు అడగరు. బ్రౌజరు కుకీ అలాంటి పాసే. ఒకసారి పాస్‌వర్డు, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లాక, సైటు మనల్ని గుర్తుపట్టేది దానితోనే. ఆ పాసు దొంగ చేతికి చిక్కితే చాలాచోట్ల అతన్ని ఎవరూ ఓటీపీ అడగరు.

మరి కంచె ఉన్న ఆటల సంగతేమిటి? ఫ్యాక్టోరియో అనే ఆటలో మోడ్లు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆట గీసిన గీత లోపలే నడుస్తాయి. నేను వాటిని చాలావరకు నిశ్చింతగా వేసుకుంటాను. చాలావరకు అనే అన్నాను. డోటా 2లో అభిమానులు తయారుచేసే ఆటలు కూడా అలాంటి కంచె లోపలివే. కానీ ఆ ఆటలో వాడిన వీ8 అనే జావాస్క్రిప్ట్ ఇంజనులోని ఒక రంధ్రాన్ని గూగుల్ 2021లోనే పూడ్చినా, డోటాలో పాత ఇంజనే మిగిలిపోయింది. స్టీమ్‌లో అభిమానులు తమ తయారీలు పంచుకునే వర్క్‌షాప్‌లో ఆ రంధ్రం కోసమే చేసిన నాలుగు గేమ్ మోడ్లను అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ కనిపెట్టింది; డోటాను తయారుచేసిన వాల్వ్ 2023 జనవరి 12న ఆ రంధ్రాన్ని పూడ్చింది. ప్రభావం పడింది రెండు వందల మంది లోపే ఆటగాళ్ల మీద.

యాంటీవైరస్ మీద పూర్తి భారం వేయడం నాకు ఇష్టం లేదు. 2025లో చెక్ పాయింట్ అనే సంస్థ, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో మైన్‌క్రాఫ్ట్ మోడ్ల వేషంలో ఉన్న మాల్‌వేరును బయటపెట్టింది. ఒరింగో, టౌనాహి వంటి చీటింగ్ మోడ్ల పేర్లు పెట్టుకున్న ఆ జార్ ఫైళ్లను అప్పటికి ఏ యాంటీవైరస్ ఇంజనూ పట్టుకోలేదు. కారణం తెలిస్తే నవ్వు, భయం రెండూ వస్తాయి: ఆ ఫైలు నడవాలంటే మైన్‌క్రాఫ్ట్ ఉండాలి, పరీక్షించే యంత్రాల్లో మైన్‌క్రాఫ్ట్ ఉండదు. ఇక మనిషి కన్ను కొన్నిసార్లు యంత్రం కంటే మేలు. 2015లో జీటీఏ 5కు వచ్చిన యాంగ్రీ ప్లేన్స్, నోక్లిప్ మోడ్లలో ఫేడ్ అనే మాల్‌వేర్ ఉందని బయటపడింది, ఒక ఆటగాడు తన టాస్క్ మేనేజరులో కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే సీషార్ప్ కంపైలర్ ఎందుకు నడుస్తోందా అని అనుమానపడటంతోనే.

అలాగని యాంటీవైరస్‌ను ఆపేయమని సలహా ఇచ్చే మోడ్ పేజీ కనబడితే, అక్కడి నుంచి వెనక్కి వచ్చేయండి. నిర్దోషమైన డీఎల్ఎల్ మోడ్‌ను కూడా యాంటీవైరస్ అనుమానించే మాట నిజమే. అయినా ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకునే స్తోమత మనలో ఎందరికి ఉంది?

ఇప్పటికే పాడైన మోడ్ నడిపామని అనుమానం ఉన్నవాళ్లు ముందు ఆ కంప్యూటరుకు నెట్ తీసేయాలి. పాస్‌వర్డులు మార్చడం ఆ కంప్యూటరులో చేయకూడదు. వేరే ఫోను నుంచి ప్రతి ఖాతాలో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసి, అప్పుడు మార్చాలి. లాగౌట్ చేయకపోతే దొంగ చేతిలోని పాసు ఇంకా చెల్లుతూనే ఉండవచ్చు. ఆ తర్వాత విండోస్‌ను కొత్తగా వేసుకోవడం ఉత్తమం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

మా మేనల్లుడి సంగతికి వస్తే, నా కంప్యూటరులోనే వాడికి వేరే విండోస్ ఖాతా తెరిచాను. అందులో అడ్మిన్ అధికారం లేదు, నా బ్రౌజరు లేదు, నా ఫైళ్లు వాడి ఖాతా నుంచి తెరుచుకోవు. అది ఇనుప గోడ అని నేను అనను, కానీ మామూలు దొంగకు నా కుకీలు అందవు. వాడు అడిగిన మోడ్‌ప్యాక్‌లో సరికొత్త వెర్షను వదిలి, అంతకుముందుది వేసుకోమన్నాను. మొహం ముడుచుకున్నా వేసుకున్నాడు. మూడో రోజు వచ్చి, "మామయ్యా, ఇది అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతోంది, కొట్టవా?" అన్నాడు. ఏది అడుగుతోందని చూస్తే, ఆటలో వేగం పెంచుతానంటూ ఎక్కడి నుంచో దిగిన ఇన్‌స్టాలరు. మోడ్‌ప్యాక్‌కూ దానికీ సంబంధమే లేదు. పాస్‌వర్డు ఇంకా నా దగ్గరే ఉంది.