హాలీవుడ్ అల్లిన దొంగ ప్రేమ: ‘సింగిన్ ఇన్ ద రెయిన్’లో డాన్, లీనాల కథ

[తెర మీద: సినిమా హాలు ముందు జనం, వరసగా ఆగుతున్న కార్లు]

1927, హాలీవుడ్. ప్రీమియర్‌కి వచ్చిన మూకీ సినిమాల స్టార్ జంట డాన్ లాక్‌వుడ్, లీనా లామాంట్‌లను చూసి జనం ఊగిపోతున్నారు. పెళ్లెప్పుడని మైకు పెట్టి అడిగితే, మేం మంచి స్నేహితులం అంతేనంటాడు డాన్. లీనాని మాత్రం నోరు తెరవనివ్వడు.

ఇది 1952లో ఎంజీఎం తీసిన ‘సింగిన్ ఇన్ ద రెయిన్’. జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి డైరెక్ట్ చేశారు. వానలో గొడుగు పట్టుకుని కెల్లీ చేసే డాన్స్ చాలామంది చూసే ఉంటారు. నాకు మాత్రం అంతకన్నా ఇష్టం ఇందులోని దొంగ ప్రేమకథ.

నిజానికి డాన్, లీనాల మధ్య ఏమీ లేదు. టికెట్లు తెగాలని స్టూడియో పుట్టించిన కబురది. పత్రికల్లో వచ్చిందంతా చదివి, లీనా ఒక్కతే నిజమని నమ్మేసింది.

[తెర మీద: పాతకాలం షూటింగ్ సెట్]

ఈ సీన్ చూడండి. మూకీ సినిమా కాబట్టి కెమెరా తిరుగుతున్నా ఏం మాట్లాడినా ఫర్వాలేదు. డాన్ ఆమె చేతిని ముద్దులతో ముంచెత్తుతూ, తను మనసు పడ్డ కాథీ అనే అమ్మాయి ఉద్యోగం ఊడగొట్టింది నువ్వేగా అని తిడుతుంటాడు. ఆమె కూడా అంతే ఘాటుగా జవాబిస్తుంది. డైరెక్టర్‌కి కావలసిన ప్రేమ తెర మీద పడిపోతూనే ఉంటుంది! షాట్ అయ్యాక లీనా మాట: ప్రేమ లేకుండా అలా ముద్దెలా పెడతావు?

అంటే ఆ ప్రేమ నిలబడింది మాటల్లేకపోవడం వల్లే. టాకీలు రాగానే ఆ ముసుగు జారింది. పొదలో మైకు దాచారు, లీనా బట్టల్లో దాచారు. ఆమె గుండె చప్పుడు కూడా రికార్డయింది. ప్రివ్యూలో డాన్ ‘ఐ లవ్ యూ’ అని మళ్లీ మళ్లీ అంటుంటే హాలంతా పగలబడి నవ్వింది. ఇన్నాళ్లూ అదే జంటను చూసి మురిసిపోయిన జనమే!

లీనాని సినిమా విలన్‌ని చేసింది. ఆమె కాథీకి చేసింది తప్పే, కాదనను. కానీ ఆ అబద్ధం అల్లిన స్టూడియోని అంత తేలిగ్గా వదిలేయడం నాకు నచ్చలేదు.

కథలో లీనాది కీచుగొంతు. ఆ పాత్ర చేసిన జీన్ హేగన్‌ది మాత్రం అసలు ఎంత చక్కని గొంతో! ఆ కీచుగొంతు వల్లే లీనా డైలాగులకు కాథీ డబ్బింగ్ చెబుతుంది, అక్కడ మనకు వినిపించేది కాథీగా నటించిన డెబ్బీ రేనాల్డ్స్ గొంతు కాదు, హేగన్‌దే. ఈ పాత్రకే ఆమెకు సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది.