పీఓపీ బిగిసేలోపు: గుంటూరు బొమ్మల షెడ్డులో ఒక రోజు

అందరికీ నమస్కారం. వెనకాల గర్రుమంటున్నది గ్రైండర్. ఆపమన్నాను, చేతిలో ఉన్న అంచు పూర్తి చేసి ఆపుతాడు. ఇవాళ వీడియోలో నా చేతులే కనబడతాయి. మొహం చూపించే పరిస్థితి లేదు, కనురెప్పల మీద కూడా పీఓపీ, అదే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పొడి ఉంది.

నన్ను కలిసినవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. "బొమ్మలు చేస్తారు, కథలు కూడా రాస్తారట కదా. ఎప్పుడు రాస్తారండీ?" పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చుని, మబ్బుల్ని చూస్తూ రాస్తానని వాళ్ల ఊహ. మా షెడ్డుకు కిటికీ లేదు. పైన రేకులు, మూడు వైపుల గోడ, ముందు షట్టరు. గుంటూరు చివర, అమరావతి రోడ్డు వైపు. ఏప్రిల్‌లో పొద్దున పదకొండు గంటలు దాటిందంటే లోపల నిలబడలేం.

సరే, ముందు పని చూడండి. బల్ల మీద ఉన్నది ఒక పెద్దాయన బస్ట్. ఛాతీ దాకా ఉండే బొమ్మ. మట్టి పని నిన్నటితో అయింది, ఇవాళ అచ్చు. చెవుల వెనక వరసగా గుచ్చిన రేకు ముక్కలు కనబడుతున్నాయి కదా, అచ్చు ముందు సగం, వెనక సగం విడిగా రావడానికి అవే హద్దు. బకెట్లో ముందు నీళ్లు పోసుకుని, దాంట్లో పీఓపీ చల్లుకుంటూ పోవాలి. అటుదిటు చేస్తే గడ్డలు కడుతుంది. మొదటి పొరలో కాస్త నీలిమందు కలిపాం, అందుకే లేత నీలంగా ఉంది. రేపు లోపల ఫైబర్ వేసి, పైన అచ్చును ఉలితో కొట్టేస్తాం. తెల్ల పొర పోయి నీలం కనబడిందంటే బొమ్మ దగ్గరపడినట్టు. అక్కడి నుంచి చెయ్యి నెమ్మదించాలి. ఆ నీలం లేక, నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దమనిషి ముక్కు కొస ఎగరగొట్టాను. పుట్టీతో అతికించాను. ఆ ముక్కు ఇప్పటికీ ఒక ఊళ్లో ఉంది, ఏ ఊరో చెప్పను.

ఇప్పుడు చివరి పొర వేశాం. ఇది బిగియడానికి ఓ అరగంట పడుతుంది. చెయ్యి పెడితే ముందు చల్లగా ఉంటుంది, తరువాత లోపల్నుంచి వేడి పుడుతుంది, మళ్లీ చల్లబడుతుంది. ఈ అరగంటలో దాన్ని కదపకూడదు, వేరే పని పెట్టుకుంటే మనసు ఇక్కడే ఉంటుంది. నేను రాసేది ఇలాంటి అరగంటల్లోనే.

ఇదిగో, ఇదీ నా నోటుబుక్కు. అట్ట నిండా మట్టి వేలిముద్రలు. ఎడమ పేజీలో కొలతలు రాస్తాను. గడ్డం నుంచి నుదురు దాకా ఇన్ని అంగుళాలు, చెవికీ చెవికీ మధ్య ఇంత అని. కుడి పేజీలో ఇంటివాళ్లు చెప్పిన మాటలు. నేను రాసిన ప్రతి కథా కుడి పేజీలో పుట్టిందే.

అదెలాగో చెబుతాను. మా దగ్గరకు వచ్చే పనుల్లో సగం పోయినవాళ్ల బొమ్మలు. నాన్నదో తాతదో బొమ్మ చేయించి ఊళ్లోనో పొలంలోనో పెట్టుకుంటారు. ఫొటో పట్టుకొస్తారు. ఎక్కువమంది తెచ్చేది ఆధార్ కార్డు ఫొటో. దాన్ని చూసి చేస్తే పెద్దాయన పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టుంటాడు. పైగా అది ఎదురు నుంచి తీసింది. బొమ్మకు పక్క మొహం కావాలి, తల వెనక భాగం కావాలి, చెవి ఎంత బయటికొచ్చిందో కావాలి. పెళ్లి వీడియోలు అడుగుతాను. భోజనాల బంతిలో వంగి వడ్డిస్తూ కనబడతారు, పక్క మొహం దొరికేది అక్కడే.

అది కూడా లేకపోతే ప్రశ్నలే దిక్కు. "చొక్కా పై గుండీ పెట్టుకునేవారా? కోపం వస్తే నోరు బిగించేవారా, కళ్లు పెద్దవి చేసేవారా? కండువా ఏ భుజం మీద వేసుకునేవారు?" ఇంట్లో నలుగురుంటే నాలుగు జవాబులు వస్తాయి. "నాన్న ఎప్పుడు నవ్వాడ్రా?" అని ఒకరు, "నీ దగ్గర నవ్వలేదేమో, నాతో బాగానే నవ్వేవాడు" అని ఇంకొకరు. నేను మధ్యలో పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను. ఏ కళాశాలలోనూ ఈ చదువు చెప్పరు. నోరు మూసుకుని కూర్చోవడం నాకు రావడానికి పదేళ్లు పట్టింది.

ఈ బల్ల మీదున్న పెద్దాయన సంగతి కూడా అంతే. ఇద్దరు కొడుకులు, వాళ్ల అమ్మ వచ్చారు. వాళ్లకు ఇప్పుడు మిర్చి వ్యాపారం, పరిస్థితి బాగుంది. "మాస్టారూ, నాన్న హుందాగా ఉండాలి, ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు" అన్నాడు పెద్దబ్బాయి. సరేనన్నాను. ఆవిడ అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు షట్టరు దగ్గర ఆగి, "ఆయన కుడి భుజం కాస్త కిందికి ఉండేది బాబూ. యార్డులో టిక్కీలు మోసి మోసి అట్టా అయిపోయింది" అన్నారు. గుంటూరు బయటివాళ్లకు చెప్పాలి, టిక్కీ అంటే మిరపకాయల బస్తా. కొడుకులు వ్యాపారంలోకి రాకముందు ఆయన మిర్చి యార్డులో హమాలీ అన్నమాట. ఆ విషయం కొడుకులు చెప్పలేదు. "అవన్నీ ఎందుకమ్మా" అని చిన్నబ్బాయి ఆవిణ్ణి కారెక్కించాడు.

నాకు రెండు రోజులు చేతులు ఆడలేదు. డబ్బులిచ్చేది కొడుకులు. బొమ్మను రోజూ చూసుకునేది ఆవిడ. భుజాలు సమానంగా చేస్తే ఆవిడకు పరాయి మనిషి అవుతాడు, కిందికి దించితే కొడుకులకు పాత బతుకు బయటపెట్టినట్టవుతుంది. మట్టిలో రెండు రకాలుగా చేసి చూశాను. నిజం చెప్పాలంటే భుజం దిగిన బొమ్మే మనిషిలా ఉంది. సమానంగా ఉన్నది కుండలా ఉంది.

చివరికి కండువా ఆదుకుంది. కుడి భుజం అరంగుళం దించాను. దాని మీద కండువా మడతలు మందంగా వేసి, అంచును ముందుకు జార్చాను. దూరం నుంచి చూస్తే భుజాలు సమానంగా ఉన్నట్టే ఉంటాయి. దగ్గరకొచ్చి చెయ్యి వేస్తే లోపల పల్లం తెలుస్తుంది. నిన్న మట్టి చూసుకోవడానికి వచ్చారు. కొడుకులు ఫోనుల్లో ఫొటోలు తీసుకుని "సూపర్ మాస్టారూ" అన్నారు. ఆవిడ తడిమట్టి మీద చెయ్యి వేయబోయి, పాడవుతుందేమోనని వెనక్కి తీసుకున్నారు. "ఫర్వాలేదమ్మా, వెయ్యండి" అన్నాను. వేశారు. ఏమీ అనలేదు. ఆ నాలుగు వేళ్ల గుర్తులు చెరపాలనిపించలేదు గానీ చెరిపాను, ఫైబర్లో అవి పగుళ్లలా కనబడతాయి.

గ్రైండర్ ఆగింది, హమ్మయ్య.

రోజు ఎలా నడుస్తుందో కూడా చెబుతాను, దానికి పెద్ద కథ లేదు. ఐదింటికి షెడ్డు తీస్తాను. మట్టి మీద కప్పిన తడి గుడ్డలు తీసి చూడాలి. ఆరితే పగులుతుంది, తడి ఎక్కువైతే చెంప కిందికి జారుతుంది. లోపల ఇనుప చువ్వల ఫ్రేము ఉంటుంది, దానికి చెక్క ముక్కలు తీగతో కట్టి వేలాడదీస్తాం, మట్టి బరువును అవే ఆపుతాయి. తొమ్మిదిన్నర దాకా మొహాల పని. ఎండ ముదిరాక రెసిన్, అంటే ఫైబర్‌కు పట్టించే జిగురు, ముట్టుకోం. ఎండాకాలం దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండు చుక్కలు ఎక్కువైనా గిన్నెలోనే రాయైపోతుంది. మధ్యాహ్నం నిద్ర. నిద్ర అని సిగ్గుపడకుండా చెబుతున్నాను. సాయంత్రం వెల్డింగ్, బఫింగ్, బేరాలు.

రాతి పని ఇప్పుడు తగ్గించాను. రాయి కోసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. పాతకాలపు శిల్పుల దగ్గు వింటూ పెరిగినవాణ్ణి. మా కుర్రాళ్లు మాస్కు పెట్టుకోకపోతే ఆ పూట కూలి కోత. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ఇక ఏప్రిల్. మాకు అసలు పండగ నెల ఇది. 5న జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న అంబేడ్కర్ జయంతి. పది రోజుల్లో మూడు జయంతులు, అందరికీ ముందు రోజు రాత్రికే విగ్రహం కావాలి. మేలో 28న ఎన్టీఆర్, జూలైలో 4న అల్లూరి, 8న వైఎస్. మా గోడ మీద క్యాలెండర్లో అమావాస్యలు, పౌర్ణములు ఎవరూ చూడరు, జయంతులే. రిపేరుకు వచ్చేవాటిలో ఎక్కువ కళ్లజోళ్లు, చూపుడు వేళ్లు. వేలి లోపల చువ్వ పెట్టకుండా ఫైబర్ ఒక్కటే వేస్తే మొదటి దండకే విరుగుతుంది. దండ వేసేవాళ్లు నిచ్చెన ఎక్కి పట్టుకునేది ఆ వేలినే మరి.

విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం చూసే ఉంటారు. విగ్రహం 125 అడుగులు, పీఠం 81 అడుగులు. అక్కడికి వెళ్లినవాళ్లు విగ్రహంతో ఫొటో దిగుతారు. నేను కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా గడ్డం కింది భాగం చూశాను. కింది నుంచి చూస్తే తల చిన్నదిగా కనబడుతుంది కాబట్టి, ఎత్తు మీద పెట్టే బొమ్మకు తల కాస్త పెద్దది చేస్తాం. షెడ్డులో ఎదురుగా చూసి "తల ఎక్కువైంది" అని గొడవపడే కమిటీలను నేల మీద కూర్చోబెట్టి, తల పైకెత్తి చూడమంటాను. సగంమంది ఒప్పుకుంటారు. మిగతా సగం పంచె మురికైందని అలుగుతారు.

డబ్బు సంగతి కూడా దాచను. సగం అడ్వాన్సు, సగం డెలివరీ రోజు. బొమ్మ షెడ్డు గుమ్మం దాటితే బాకీ కూడా దాటిపోతుంది. ఒకసారి ఒక కమిటీ నాయకుడి విగ్రహం చేయించుకుంది. పని పూర్తయ్యేసరికి ఎన్నికల కోడ్ వచ్చింది. రోడ్ల మీదున్న విగ్రహాలకే ముసుగులు వేస్తుంటే కొత్తది ఎవరు పెట్టనిస్తారు? మూడు నెలలు ఆయన మా షెడ్డులో గుడ్డ కప్పుకుని నిలబడ్డాడు. ఫలితాలు వచ్చాక కమిటీవాళ్లు ఫోనెత్తడం మానేశారు. దాని మీద ఒక కథ రాశాను, ఒక పత్రిక వేసింది. పారితోషికం ఆ విగ్రహానికి పట్టిన మట్టి ట్రాక్టరు కిరాయికి కూడా రాలేదు. అందుకే ఎవరైనా "రెండింట్లో ఏది మీ వృత్తి" అంటే నవ్వొస్తుంది. కరెంటు బిల్లు కట్టేది వృత్తి.

పని లేని ఆదివారం బండి మీద అమరావతి మ్యూజియానికి వెళ్తాను. మన స్తూపం రాళ్లు చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి, తెలిసిందే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ చూసేసరికే ఊరివాళ్లు ఇళ్లకు రాళ్లు తవ్వుకుంటున్నారు. మిగిలినవి చూసినా చాలు నాకు. పల్నాటి సున్నపురాయి, వెన్నలా చెక్కారు. చెన్నై మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు పలక సంగతి కూడా చెప్పాలి. ఒకే గుండ్రటి పలకలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకచోట జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్యలో గీత లేదు, గోడ లేదు. కథ రాసేటప్పుడు "మరునాడు" అని పేరా మార్చే ప్రతిసారీ ఆ ఏనుగు గుర్తొస్తుంది.

అమరావతి పలకల మీద బ్రాహ్మీ అక్షరాలుంటాయి. బొమ్మా రాతా ఒకే రాయి మీద. ఒక పూర్ణఘటం పలక మీద, అది విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చిన దానమని ఉంది. మన ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో నడుమ కనబడే పూర్ణఘటం ఆ పలకదే. తోలు పని చేసుకునే మనిషి పేరు అన్ని వందల ఏళ్లు నిలబడింది. ఆ కుండ చెక్కినవాడి పేరు లేదు. జగ్గయ్యపేట స్తూపం దగ్గర మాత్రం సిద్ధార్థుడనే శిల్పి పేరు దొరుకుతుంది, అదీ స్తూపానికి నాలుగు వైపులా నిలిపే ఆయక స్తంభాలు దానం చేశాడు కాబట్టి. అంటే మా వృత్తిలో పేరు మిగలాలంటే చెక్కితే చాలదు, డబ్బు కూడా కట్టాలి. అప్పుడూ అంతే, ఇప్పుడూ శిలాఫలకం మీద ఆవిష్కర్త పేరే.

నాకు దాని మీద బాధ లేదులెండి. ఉన్నా ఈ వేడిలో గుర్తుండదు.

ఒక్క విషయం మాత్రం తేలడం లేదు. ఈ పెద్దాయన భుజం మీద కథ రాసేశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. యార్డు మార్చలేకపోయాను, మిర్చి లేకపోతే ఆ భుజం లేదు. కొడుకుల కోసం కండువా కింద కప్పినదాన్ని నేను కాగితం మీద విప్పినట్టవుతుందా? మట్టి అయితే అచ్చు వేసేదాకా ఎన్నిసార్లైనా సరిదిద్దుకోవచ్చు, వేశాక చేసేది లేదు. కథకు అచ్చు ఎప్పుడు వేయాలో చెప్పే నీలం పొర నాకింకా దొరకలేదు. మీకు ఈ మాత్రం చెబుతున్నానంటే, ఇందులోనూ గుర్తులు కొన్ని మార్చే చెప్పానని అర్థం చేసుకోండి.

ఆవిణ్ణి అడిగితే సరిపోతుంది అంటాడు మా కుర్రాడు. నిజమే. వచ్చే వారం డెలివరీకి ఆవిడ కూడా వస్తారు. కానీ ఇంకా ముప్పై వేలు బాకీ ఉంది. ముందు అది చేతిలో పడాలి. కథ సంగతి ఆ తరువాత అడుగుతాను.

వేడెక్కింది. ఒరేయ్, ఇటు వచ్చి ఆ చివర పట్టుకో.